మచ్చలదాని ముఖపట్టీ

మిల్టన్ కీన్స్,
6 నవంబర్ 2012

తమ్ముడు కిషన్‌రావుకు,

నేను క్షేమం. నువ్వూ చెల్లెమ్మా క్షేమమని తలుస్తాను. ఈ మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు రాదు కాబట్టి రాశాను గానీ, నిజానికి ఇక్కడ నాకు కాలు నిలవడం లేదు.

స్రవంతి పొద్దున ఏడున్నరకు ఆఫీసుకు వెళ్తుంది. అల్లుడు బాలాజీకి కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగం. సోమవారం పోతే శుక్రవారం వస్తాడు. పగలంతా ఇంట్లో నేనూ హీటరూ. మీ వదిన పోయాక “ఒక్కనివి ఎట్ల ఉంటవ్ బాపూ, ఆర్నెల్లు నా దగ్గర ఉండు” అని బిడ్డ ప్రేమతోనే తీసుకొచ్చింది. కానీ ఇరవై ఎనిమిదేళ్లు పోలీసు అశ్వికదళంలో జీను మీద కూర్చున్న రౌతును సోఫాలో కూర్చోబెడితే ఎంతసేపని కూర్చుంటాడు?

ఈ ఊళ్లో అందరికీ కార్లే. రోడ్లన్నీ గళ్ల నోటుపుస్తకంలా గీసి, గీతలు కలిసిన ప్రతిచోటా ఒక రౌండబౌట్ పెట్టారు. నడిచేవాళ్ల కోసం పక్కన ఎర్రటి బాటలు వేశారు. వాటి మీద పొద్దున పోయి మధ్యాహ్నం తిరిగొస్తున్నాను.

అట్లా తిరుగుతుండగా ఒక గుర్రం కనబడింది. రెండు పెద్ద రోడ్ల మధ్య వదిలేసిన మైదానం. అందులో గోదాములు కడతారట. మొన్నటిదాకా అక్కడ పది గుర్రాలు ఉండేవని, ఎవరివో వాళ్లు వచ్చి తొమ్మిదింటిని తోలుకుపోయారని, ఈ ఒక్కటీ దొరక్క మిగిలిపోయిందని దారిన పోయే ఒకాయన చెప్పాడు. నలుపు తెలుపు మచ్చల ఆడగుర్రం. అయిదేళ్లుంటాయేమో. పొట్టిది, గట్టి ఎముక, డెక్కల మీదికి జాలువారే వెంట్రుకలు. నన్ను చూడగానే తలెత్తి బుస్సుమని కంచె వెంట దౌడు తీసింది. అప్పుడు చూశాను. ముఖానికి నీలం నైలాన్ పట్టీ. పిల్లగా ఉన్నప్పుడు ఎవడో తగిలించి మరిచిపోయాడు. తల పెరిగింది, పట్టీ పెరగలేదు. ముక్కు మీద మాంసంలోకి దిగబడి ఉంది.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు.

చాందినీ ఎట్లా ఉంది? రిటైరైన గుర్రాన్ని వేలంలో ఎందుకు కొన్నావని అందరూ నవ్వారు, నువ్వొక్కడివే కొట్టంలో చోటిచ్చావు. ఇరవై నాలుగేళ్ల ప్రాణం, చలికాలం వస్తోంది. ముందరి ఎడమ డెక్క పగులు ఎట్లా ఉందో వివరంగా రాయి.

నీ
రాజారావు

* * *

కార్వాన్, హైదరాబాద్,
21 నవంబర్ 2012

రాజన్నకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. పోస్ట్‌మన్ రాణిగారి స్టాంపు చూసి లోపలికొచ్చి చాయ్ తాగి మరీ పోయాడు. దాంతో గల్లీ అంతటికీ తెలిసింది.

ఇక్కడ అందరం బాగున్నాం. పెళ్లిళ్ల సీజన్ మొదలైంది. బరాత్ గుర్రాలకు నాడాలు కొట్టీ కొట్టీ నడుము పోతోంది. మా బామ్మర్ది ఒక గుర్రం కొన్నాడు. బ్యాండు వింటే బెదురుతుంది, పెళ్లికొడుకులు దాన్ని ఎక్కడానికి ఒప్పుకోవడం లేదు. రోజూ నా ప్రాణం తీస్తున్నాడు. మా ఇంటావిడేమో ఆ గుర్రాన్నీ తన తమ్ముణ్నీ ఏమీ అనొద్దంటుంది. ఇద్దరి మధ్యా నలుగుతున్నాను.

మీ మచ్చలదాని సంగతి చదివి మనసు చివుక్కుమంది. అట్లా పట్టీ దిగబడ్డ గుర్రాన్ని మన దళంలో నాడాలు వేసిన అన్నేళ్లలో నేను ఒక్కసారే చూశాను. అన్నా, దానికి మనిషి చెయ్యి అంటే నొప్పి. అది మిమ్మల్ని దగ్గరికి రానివ్వదు. మీకా గుండెలో రెండు స్టెంట్లు ఉన్నాయి, డాక్టరు బరువెత్తొద్దు, పరిగెత్తొద్దు అన్నాడు. అక్కడి వాళ్లకు చెప్పి తప్పుకోండి.

చాందినీ బాగుంది. దాని గురించి బెంగ పెట్టుకోకండి.

మీ తమ్ముడు,
కిషన్‌రావు

* * *

మిల్టన్ కీన్స్,
9 డిసెంబర్ 2012

కిషన్‌కు,

మీ బామ్మర్ది గుర్రానికి పన్నెండు లైన్లు, నా చాందినీకి ఒక్క లైను. డెక్క సంగతి అడిగితే దాని మీద మాటే లేదు. ఈసారి సరిగ్గా రాయి.

నేను తప్పుకోలేదు. రోజూ పొద్దున తొమ్మిదింటికి వెళ్తాను. గేటు దగ్గర నుంచి నలభై అడుగులు నడిచి, దానికి వీపు పెట్టి నిలబడతాను. అంతే. పిలవను, చెయ్యి చాపను. మొదటి వారం అది మైదానం చివరే ఉంది. రెండో వారం మధ్యకు వచ్చింది. నిన్న నా వెనక గడ్డి కొరికిన చప్పుడు వినబడింది. తిరిగి చూడలేదు. చూస్తే పదిరోజుల పని పోయేది.

ఇక్కడ జోన్ అని ఒకావిడ పరిచయమైంది. నా వయసే ఉంటుంది. దిక్కులేని గుర్రాలను చేరదీసే సంస్థ వాళ్లది. వారానికి మూడుసార్లు ఎండుగడ్డి తెచ్చి వేస్తుంది. మొదటి రోజు నన్ను చూసి ఎవరో దారి తప్పిన ముసలాయన అనుకుంది. హైదరాబాద్ మౌంటెడ్ పోలీసులో పనిచేశానని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అప్పటి నుంచి “మిస్టర్ రావ్” అని పిలిచి, ఫ్లాస్కులోని టీ నాకూ పోస్తోంది.

ఆవిడ చెప్పింది విను. మచ్చలది రెండుసార్లు కంచె తెంచుకుని రోడ్డెక్కింది. లారీ అంగుళంలో తప్పింది. మార్చిలో మైదానం ఖాళీ చేయాలని గేటుకు నోటీసు అంటించారు. ఆలోగా దాన్ని పట్టుకుని బండెక్కించగలిగితే కేంబ్రిడ్జ్ దగ్గర జోన్ వాళ్ల ఆశ్రమంలో చోటుంది. ఎక్కించలేకపోతే వెటర్నరీ డాక్టరు కాల్చేస్తాడు. మత్తు సూది దూరం నుంచి కొడితే అది పడేలోపు రోడ్డు మీదికి పోతుందని వాళ్ల భయం.

స్రవంతికి ఏమీ తెలియదు. బూట్ల బురద వరండాలోనే కడిగేస్తున్నాను. వాకింగ్ చేస్తున్నానంటే సంతోషిస్తోంది. బిడ్డతో అబద్ధమాడడం మంచిది కాదని తెలుసు. కానీ నిజం చెప్పిన రోజు నన్ను గడప దాటనివ్వదు.

పట్టీ కోయాలంటే ఎట్లా కోయాలి? చేతిపనిలో నిన్ను మించినవాడు లేడు.

రాజారావు

* * *

కార్వాన్,
27 డిసెంబర్ 2012

రాజన్నకు,

వివరంగా రాయమన్నారు కదా, రాస్తున్నాను. చాందినీకి పళ్లు అరిగాయి కాబట్టి ఉలవలు రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి పెడుతున్నాం. డెక్క పగులు కూడుకుంటోంది. చలికి గోనెపట్టా కప్పుతున్నాం. మీ పేరు చెబితే చెవులు నిక్కబొడుచుకుంటాయి. చాలా?

పట్టీ సంగతి జాగ్రత్తగా చదవండి. కత్తెర పనికిరాదు. డెక్క చెక్కే కొక్కెం కత్తి జోన్ గారి దగ్గర ఉంటుంది, అడగండి. ముక్కు మీద కోయొద్దు, అక్కడ మాంసం ఉంది. చెంప మీద పట్టీకీ చర్మానికీ మధ్య వేలు దూరే చోటు చూడండి. కత్తి వీపు చర్మం వైపు, పదును బయటికి. ఒక్క గుంజులో తెగాలి. తెగాక లాగకండి. కోసి వదిలేయండి. పుండు మీద అంటుకున్నది వాన తడికి, అది గడ్డి మేసేటప్పుడు కదిలిన కదలికకు, దానంతట అదే రాలుతుంది. లాగారంటే మళ్లీ జన్మలో మీ దగ్గరికి రాదు.

ముందుగా అయిదు రోజులు ఖాళీ చెయ్యి ఆనించి తీయండి. తర్వాత అయిదు రోజులు కత్తి ఉన్న చెయ్యి ఆనించి తీయండి. పదకొండో రోజే కోయండి.

మీకు ఎదురు చెప్పలేక రాస్తున్నాను. ఒప్పుకుని కాదు.

కిషన్‌రావు

* * *

మిల్టన్ కీన్స్,
30 జనవరి 2013

కిషన్,

తెగింది.

పది రోజులు మంచు. ఎర్ర బాటలన్నీ తెల్లబడ్డాయి. స్రవంతి బయటికి వెళ్లొద్దంది. ఆమె కారు మలుపు తిరగ్గానే బయల్దేరేవాణ్ని. మంచులో గడ్డి కనబడక మచ్చలది గేటు దాకా వచ్చి నా కోసం నిలబడడం మొదలుపెట్టింది. జోన్ తెచ్చిన ఎండుగడ్డి నా చేత్తో వేసేవాణ్ని. మొదటిసారి దాని ఊపిరి నా మెడ మీద పడ్డ రోజు ఇంటికొచ్చి స్నానం చేయలేదు. నవ్వకు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఖాళీ చెయ్యి పది రోజులు. భుజం మీద, మెడ మీద, తర్వాత చెంప. చెంప మీద ఆనించినప్పుడు కళ్లు తెల్లబడేవి. తీసేసేవాణ్ని. కత్తి చేతిలో పట్టుకుని ఇంకో పది రోజులు. నువ్వు పదకొండో రోజన్నావు, నాకు ఇరవై మూడు పట్టాయి.

నిన్న ఎండ కాసింది. జోన్ గేటు అవతల నిలబడింది. ఎడమ చెంప దగ్గర వేలు దూర్చాను. చీము వాసన. కత్తి పెట్టి బయటికి గుంజాను. అది రెండు కాళ్ల మీద లేచింది. నేను బురదలో వెల్లకిలా పడ్డాను. తొక్కుతుందనే అనుకున్నాను. కానీ అది పదడుగులు పోయి ఆగి, తల విదిలించి, నావైపు చూసింది. పట్టీ ఒక చెంప నుంచి వేలాడుతోంది. నేను లేవలేదు. పడుకునే ఉన్నాను. కాసేపటికి తిరిగి వచ్చి నా బూటు వాసన చూసింది.

ఈ పొద్దున ఆ పట్టీ గడ్డిలో రాలిపోయి దొరికింది. ముక్కు మీద ఎర్రటి గాడి మిగిలింది, మానుతుందని జోన్ అంది.

నాకు ఇంకేమీ వద్దు కిషన్. నువ్వు కొట్టంలోకి వెళ్లి ఈ సంగతి చాందినీ చెవిలో చెప్పు. మీ అయ్య ముసలితనంలో ఇంకో గుర్రానికి పనికొచ్చాడని చెప్పు. ఏప్రిల్‌లో వచ్చాక నేనూ చెబుతాను.

రాజారావు

* * *

కార్వాన్,
14 ఫిబ్రవరి 2013

రాజన్నకు,

మీ ఉత్తరం పట్టుకుని కొట్టం దాకా వెళ్లాను. మీరు చెప్పమన్నారు కదా అని. లోపల నిలబడి నోరు తెరిచాను. ఆ కొట్టం నాలుగు నెలలుగా ఖాళీ.

చాందినీ లేదన్నా. మీరు విమానమెక్కిన తొమ్మిదో రోజున, అక్టోబర్ ఇరవై మూడున పోయింది.

ఆ ముందు రోజు నేను వికారాబాద్ పోయాను. అక్కడ బరాత్ గుర్రాలకు నాడాలు వేసే పని. సాయంత్రానికి వస్తానని, దాణా చూడమని ఇంటావిడకు చెప్పాను. పని పూర్తికాక అక్కడే ఉండిపోయాను. పొద్దున వచ్చేసరికి నేల మీద పొర్లుతోంది. కడుపంతా చెమట. డాక్టరు వచ్చి పేగు మెలికపడిందన్నాడు, ఈ వయసులో ఆపరేషన్‌కు తట్టుకోదన్నాడు. నా ఒళ్లో తల పెట్టుకుంది. పదకొండున్నరకు పోయింది. ముందు రోజు సాయంత్రమే దాణా ముట్టలేదని ఇంటావిడ తర్వాత చెప్పింది. నేనుంటే అప్పుడే గుర్తుపట్టేవాణ్ని. గుర్రం దాణా ముట్టకపోతే అర్థమేంటో ఆమెకేం తెలుసు? తప్పు నాది.

ఫోన్ చేద్దామని నాలుగుసార్లు నంబరు తీశాను. వదిన పోయి ఏడాది కాలేదు. పరాయి దేశంలో, గుండె జబ్బుతో, ఒంటరిగా ఇంట్లో కూర్చుని ఈ మాట వింటారు కదా అని ఆగాను. తర్వాత మీరు డెక్క సంగతి అడిగారు. ఒక అబద్ధం రాశాక రెండోది దానంతట అదే వచ్చింది. ఉలవలు, గోనెపట్టా, చెవులు, అన్నీ నేను కూర్చుని అల్లినవే.

తిట్టండి. ఎంత తిట్టినా పడతాను.

కిషన్‌రావు

* * *

మిల్టన్ కీన్స్,
27 ఫిబ్రవరి 2013

కిషన్‌రావు గారికి,

మీ ఉత్తరం అందింది.

రాజారావు

* * *

కార్వాన్,
8 మార్చి 2013

రాజన్నకు,

ముప్పై ఏళ్లలో నన్ను ‘గారు’ అన్నది ఇదే మొదటిసారి. ఆ ఒక్క మాట చాలింది.

నేను క్షమించమని అడగడానికి రాయడం లేదు. నిన్న మీ ఇంటికి ఫోన్ చేస్తే స్రవంతి ఎత్తింది. బాపు వారం పది రోజులుగా గది దాటడం లేదు అంకుల్, వాకింగ్‌కు కూడా పోతలేడు, జీపీ డాక్టర్‌కు చూపిద్దామంటే వద్దంటున్నడు, అంది. గుర్రం సంగతి నేనేమీ చెప్పలేదు. చెబితే అది ఇంకో తప్పవుతుంది.

అంటే మీరు మైదానానికి వెళ్లడం లేదన్నమాట.

అన్నా, నా మీద కోపం నా మీద చూపండి. మాట్లాడకండి, నా ముఖం చూడకండి. కానీ ఆ మచ్చలది రోజూ తొమ్మిదింటికి గేటు దగ్గరికి వచ్చి నిలబడుతూ ఉంటుంది. మీ కోపం నాకు ఒక్క లైనులో తెలియజేశారు. ఆ గుర్రానికి మీరు ఉత్తరం రాయలేరు.

కిషన్‌రావు

* * *

మిల్టన్ కీన్స్,
23 మార్చి 2013

కిషన్,

నీ ఉత్తరం పదహారున అందింది. చదివి సొరుగులో పడేశాను. నువ్వు చెప్పింది నిజమని తెలిసీ కదల్లేదు. రోజూ తొమ్మిది కొట్టినప్పుడు మాత్రం గదిలో అటూ ఇటూ తిరిగేవాణ్ని. ఒక గుర్రాన్ని నా చేతులారా వదిలిపెట్టి వచ్చి చంపుకున్నాను, ఇంకోదాన్ని మచ్చిక చేసి మాత్రం ఏం చేస్తాను, అది కూడా నన్ను నమ్మి పోతుంది, అనిపించేది.

పద్దెనిమిదిన, సోమవారం పొద్దున ఏడుంబావుకు బెల్లు మోగింది. స్రవంతి తలుపు తీసింది. బయట జోన్. మా ఇల్లు ఆవిడకు తెలియదు. ఏ వీధో నేనెప్పుడో చెప్పిన గుర్తుతో నాలుగిళ్లు అడిగి వచ్చిందట. ఈ రోజు పది గంటలకు మైదానం ఖాళీ చేస్తున్నారని, డాక్టరు తుపాకీతో వస్తున్నాడని, మూడు వారాలుగా ఆ గుర్రం ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదని చెప్పింది. మిస్టర్ రావ్ ఒక్కసారి రావాలి అంది.

స్రవంతి నావైపు తిరిగింది. “ఏం గుర్రం బాపూ?”

అక్కడే నిలబడి అంతా చెప్పాను. నీ ఉత్తరాలు, చాందినీ, మచ్చలది, కత్తి, బురదలో పడ్డది. ఆమె ముఖం ఎర్రబడింది.

“గుండెల రెండు స్టెంట్లు పెట్టుకొని నాలుగు నెలల సంది బురదల తిరిగినవ్. నాకు చెప్పాల్ననిపియ్యలేదా?”

“చెప్తే పోనిస్తుంటివా?”

“పోనియ్యకపోతుంటి,” అంది. కాసేపు నా బూట్ల వంక చూసి, తాళంచెవి తీసుకుంది. “కారెక్కు.”

మేం వెళ్లేసరికి పసుపు జాకెట్లు వేసుకున్న ఎనిమిది మంది ఇనుప కంచె పలకలు పట్టుకుని మచ్చలదాన్ని ఒక మూలకు తోలుతున్నారు. వెనక రోడ్డు మీద లారీలు. అది ఛాతీ తీగకు ఆనించి వణుకుతోంది. ఇంకో అడుగు తోలితే తెంచుకుని రోడ్డు మీదికి పోతుంది. డాక్టరు సంచీ కింద పెట్టి పక్కన నిలబడ్డాడు. ఆయన ముఖం చూస్తే ఆ పని ఆయనకూ ఇష్టం లేదని తెలుస్తోంది. అందరినీ గేటు బయటికి పంపమని, నాకు ఒక గంట ఇమ్మని అడిగాను. ఆయన గడియారం చూసి తలూపాడు.

జోన్ చేతికి కొత్త తాడిచ్చింది, ముఖానికి తగిలించేది. కిషన్, ఆ తాడును నేను వెనక దాచుకోలేదు. దానికి కనబడేట్టు చేతిలోనే పట్టుకుని వెళ్లి, వీపు పెట్టి నిలబడ్డాను. అది రాలేదు. ఇరవై రెండు రోజులు వెళ్లలేదు కదా, ఎట్లా వస్తుంది? ముప్పావుగంట నిలబడ్డాను. కాళ్లు లాగాయి, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. గేటు దగ్గర స్రవంతి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

చివరికి మెడ మీద ఊపిరి తగిలింది.

మెల్లగా తిరిగాను. ముక్కు మీద మానిన గాడిలో వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. తాడు సరిగ్గా అక్కడే తగలాలి, వేరే చోటు లేదు. తగలగానే దాని ఒళ్లంతా వణికింది. కళ్లు తెల్లబడ్డాయి. పారిపోలేదు. నేను నడిచాను, నా వెనక నడిచింది. బండి పలక మీద నేను ముందెక్కాను. డెక్క పెట్టి చూసి, వెనక్కి తీసి, మళ్లీ పెట్టి ఎక్కింది. పక్క తలుపులోంచి నేను దిగి, దాన్ని నా చేత్తోనే మూశాను. లోపల నుంచి ఒక్క సకిలింపు. తర్వాత పలకల మీద కాళ్లతో కొట్టడం మొదలుపెట్టింది. బండి రౌండబౌట్ దాటేదాకా ఆ చప్పుడు వినబడింది.

డాక్టరు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు నిలబడాలనిపించలేదు. దాన్ని బతికించానని వాళ్లంటారు. అది ఏమనుకుంటుందో నాకు తెలుసు. తలుపు మూసినప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నన్ను బతికించడానికే నువ్వూ మూశావు.

అయినా కోపం పోలేదు. వికారాబాద్ పోయినందుకు కాదు. పని మీద పోయావు, అది ఎవరికైనా జరిగేదే. ఇంటావిడనూ ఏమీ అనకు. నా కోపం ఆ ఉత్తరాలకు. చాందినీ చావు నా దగ్గర నాలుగు నెలలు దాచావు. అది కాగితం మీద తీరేది కాదు. ఏప్రిల్ ఎనిమిదిన విమానం. ఎయిర్‌పోర్టుకు నువ్వే రావాలి. దారిలో నేను మాట్లాడతానో మాట్లాడనో చెప్పలేను, బండి నడుపుతూ ఉండు.

ఈ రోజు శనివారం. బాలాజీ ఇంట్లో ఉండి వంట చూసుకుంటానన్నాడు. స్రవంతి నన్ను కేంబ్రిడ్జ్ దగ్గరి ఆశ్రమానికి తీసుకెళ్లింది. సన్నగా మంచు పడుతోంది. విశాలమైన పచ్చిక, చుట్టూ చెక్క కంచె, రోడ్డు చప్పుడు లేదు. మచ్చలది ఇంకో నాలుగు ముసలి గుర్రాలతో అవతలి చివర ఉంది. ముఖానికి ఏ తాడూ లేదు. నన్ను చూసింది. గుర్తుపట్టిందని చెవుల్లో తెలిసింది. తర్వాత పక్కకు తిరిగి మేతలో పడింది.

కంచె దగ్గర వీపు పెట్టి నిలబడ్డాను. స్రవంతి కాసేపు కారులో కూర్చుని, తర్వాత వచ్చి నా పక్కన, నాలాగే వీపు పెట్టి నిలబడింది. చలికి ముక్కు ఎర్రబడింది. పోదామా అనలేదు. గంటన్నర అయ్యాక మాత్రం మెల్లగా అడిగింది, అమ్మ పోయినప్పుడు కూడా ఇట్లనే ఎవరితోటి మాట్లాడకుండ నిలబడ్డవ్, యాదికుందా బాపూ, అని. గుర్తుందన్నాను. ఆ రోజు మాట్లాడాల్సిన మాటలు కొన్ని ఈ రోజు మాట్లాడుకున్నాం. అవి నీకు రాయను, అవి మా ఇద్దరివి.

మచ్చలది రాలేదు. పొద్దు వాలుతుంటే కారెక్కాం. ఆశ్రమం దాటి పెద్ద రోడ్డు మీదికి వచ్చాక స్రవంతి అద్దంలోంచి నన్ను చూసి, “రేపు ఎన్నిగంటలకు బయల్దేరుదాం?” అని అడిగింది.

ఎనిమిదింటికన్నాను.

నీ
రాజారావు